ఒకటో నంబరు పుల్ల

2024 నవంబర్ 18
ఈరోజు కూడా ఏమీ లేవలేదు. మూడు వందల రకాల వేరుశనగ, నలభై వేల డీఎన్‌ఏ మార్కర్లు, కంప్యూటర్‌లో ఆరు గంటల రన్. ఎండను తట్టుకునే గుణం వెనక ఏదైనా జీన్ ఉంటే, గ్రాఫ్‌లో ఎక్కడో ఒకచోట చుక్కలు గోపురంలా పైకి లేవాలి. నాకు మాత్రం అంతా చదును. మూడుసార్లు కాఫీ తాగాను. సర్వర్‌ని తిట్టాను.

నవంబర్ 21
మోడల్ మార్చాను. చదునే.

నవంబర్ 27, సాయంత్రం
తప్పు నా కోడ్‌లో లేదు. నాలుగుసార్లు చూశాను. డీఎన్‌ఏ డేటా కూడా శుభ్రంగానే ఉంది. ఇక మిగిలింది పొలం డేటా. అంటే వెంకటముని తాత నోటుబుక్కు.

తాత మా పరిశోధనా ఫారంలో ముప్పై ఒక్క ఏళ్లుగా పనిచేస్తున్నాడు. మధ్యాహ్నం రెండు గంటల ఎండలో ఒక్కో మడి దగ్గర నిలబడి, ఆకు ఎంత వాడిందో కంటితో చూసి, అసలు వాడకపోతే ఒకటి, పూర్తిగా వాడిపోతే తొమ్మిది, అలా మార్కు వేస్తాడు. సెప్టెంబర్‌లో వాన మొహం చాటేసినప్పుడు మూడు వందల మడులూ అలాగే చూశాడు. ఒకరోజు నేనూ వెంట వెళ్లాను. నలభయ్యో మడి దగ్గర కళ్లు తిరిగి కూలబడ్డాను. తన గొడుగు నాకిచ్చి ఆయన ముందుకు పోయాడు.

కుడి కంట్లో శుక్లం మొదలైందని ఆయనే ఒకసారి అన్నాడు. ఆ మాట ఇవాళ గుర్తొచ్చింది.

డిసెంబర్ 3
రిపోర్టులో రాసేశాను. పొలం స్కోర్లు నమ్మదగినవి కావు, పరిశీలకుడి చూపులో లోపం కారణం కావచ్చు. మా ప్రాజెక్టు హెడ్ శ్రీమన్నారాయణ సార్ చదివి, శ్రీకరీ, ఇంత ఖరాఖండీగా రాయాలా అని అడిగారు. డేటా అదే చెబుతోంది సార్ అన్నాను. అలా అనడం నాకు బాగానే అనిపించింది.

డిసెంబర్ 30
తాత కాంట్రాక్టు రెన్యూ కాలేదు. రిపోర్టు చూశాక పైవాళ్లు ఒప్పుకోలేదట. సార్ నా మొహం చూడకుండా చెప్పారు.

మధ్యాహ్నం తాత ల్యాబ్‌కి వచ్చాడు. చెప్పులు బయట విడిచాడు. కోప్పడి ఉంటే బాగుండేది. ఒక్కటే అడిగాడు.

"కంప్యూటరే సెప్పిందా మేడమ్మా, నా కండ్లు పోయినాయని?"

అవునన్నాను. తల ఊపి వెళ్లిపోయాడు.

2025 జనవరి 22
చాందిని మా ఫారంలో తాత దగ్గరే పని నేర్చుకున్న పిల్ల. కార్వేటినగరం దగ్గర తాతకున్న ఎకరన్నర చేను కౌలుకిచ్చేశాడని చెప్పింది. చూపు లేనివాడికి సేద్యమెందుకన్నాడట. నేను విని, మెయిల్స్‌కి జవాబులు రాస్తూ కూర్చున్నాను.

మార్చి 6
కొత్త గ్లాస్‌హౌస్‌కి భూమిపూజ. అయ్యవారు ఈశాన్య మూలలో మట్టి తీయించారు. ఎప్పుడు అయిపోతుందా అని నేను వాచీ చూసుకుంటున్నాను. పక్కనే నిలబడ్డ చాందిని, ముని తాత ఉంటే ఎంత సంతోషపడేవాడో అంది. ఏ చేలో దిగినా ముందు ఈశాన్యంలో రాయి పెట్టి, పసుపు పూసి, అక్కడి నుంచే లెక్క మొదలుపెట్టేవాడట. పందులు పడినప్పుడు పుల్లలు కూడా అక్కడి నుంచే నాటాడట.

ఏ పుల్లలు అని అడిగాను. అడుగుతుండగానే గుర్తొచ్చింది.

సెప్టెంబర్ మొదట్లో అడవిపందులు పడి, మడుల నంబరు పుల్లలన్నీ పెరికేశాయి. తెల్లారేసరికి తాత మళ్లీ నాటేశాడు. భలే అనుకున్నాను. ఎటు నుంచి నాటావని అడగలేదు. విత్తనం వేసింది ట్రాక్టర్. అది గేటున్న నైరుతి మూల నుంచి దిగింది, అక్కడిదే ఒకటో మడి. విత్తిన రోజు తాత ఫారంలో లేడు. జూలై చివర ఆడికృత్తిక పండక్కి కావడి ఎత్తుకుని తిరుత్తణి కొండకు వెళ్లాడు. పందులు పడేదాకా ఆ చేలో ఆయనకు పని పడలేదు. తిరిగొచ్చాక లేఅవుట్ కాగితం ఆయన చేతిలో పెట్టాల్సింది నేనే. పెట్టలేదు. కూలీకి మ్యాప్ ఎందుకనుకున్నాను. అవును, అలాగే అనుకున్నాను.

నైరుతికి ఎదురు మూల ఈశాన్యం. ఒకటో మడిలో మూడువందలవ పుల్ల. మూడువందలవ మడిలో ఒకటో పుల్ల. మధ్యలో ఉన్నవన్నీ అంతే.

పూజ మధ్యలోనే వచ్చేశాను. స్కోర్ల వరసను తిరగేయడానికి ఒక్క లైను కోడ్ చాలు. రన్ పెట్టి ఇంటికొచ్చాను.

మార్చి 7, ఉదయం 7.30
లేచింది. ఐదో క్రోమోజోమ్ మీద, గోపురమే. నాలుగు నెలలుగా దీనికోసమే చూశాను. ఏడుపొచ్చింది, సంతోషంతో కాదు. ఇంత శుభ్రమైన సిగ్నల్ రావాలంటే మూడు వందల మడుల్లో ఆ కన్ను దాదాపు ఎక్కడా పొరబడి ఉండకూడదు.

మార్చి 8
గ్రాఫ్ చూసి సార్ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. జర్నల్‌కి పంపే పేపర్‌లో లేబుల్స్ సవరించామని ఒక ముక్క రాస్తే చాలన్నారు. తప్పు నాదేనని రాసి సంతకం పెట్టి ఇచ్చాను. తాతని మళ్లీ తీసుకోమని అడిగాను. ఆ పోస్టే ఎత్తేశారట.

మార్చి 9, ఆదివారం
పుత్తూరు దాకా బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు. తాత భార్య ఆనందమ్మ మజ్జిగ ఇచ్చింది. ఇప్పుడాయన బియ్యంలో రాళ్లు కూడా ఏరడని చెప్పింది. శుక్లం ఆపరేషన్‌కి రమ్మంటే రాడట.

ల్యాప్‌టాప్ తెరిచి గోపురం చూపించాను. ట్రాక్టర్, గేటు, ఈశాన్యం, పందులు, అన్నీ చెప్పాను. తప్పు నాది తాతా, నీ కళ్లది కాదు అన్నాను. ఆయన చివరిదాకా ఓపిగ్గా విన్నాడు.

"నా మనసు నొచ్చుకునిందని ఇంత దూరం వచ్చినావు. మంచిదానివి తల్లీ."

నిజం తాతా, కంప్యూటరే చెప్పింది అన్నాను.

"ఆ పొద్దు గూడా అదే కదా సెప్పింది."

ఎత్తిపొడుపు లేదు అందులో. నన్ను ఓదారుస్తున్నాడు.

ఇంటి వెనకే ఆయన చేను. కౌలుదారు వేరుశనగ వేశాడు. ఎండ నడినెత్తి మీద ఉంది. గట్టు దాకా రమ్మని బతిమాలాను. వచ్చాడు. ఈ మొక్కకి ఎంత వేస్తావు తాతా అని అడిగాను. ఆయన మొక్క వైపు వంగాడు. తర్వాత మొహం తిప్పుకుని ఆనందమ్మను పిలిచాడు.

"నువ్వు సూసి సెప్పు."

ఆకులు తాజాగా ఉన్నాయి. ఒకటి వేయాలి. ఆయనకది తెలుసు, నాకు తెలుసు ఆయనకు తెలుసని.

జూన్ 12
పేపర్ పంపాం. వెంకటముని పేరు రచయితల్లో ఏడోది. అది ఉండాల్సిందేనన్నాను. సార్ కాదనలేదు. కాపీ ఒకటి పోస్టులో పంపాను.

జూన్ 20
ఆనందమ్మ ఫోన్. కాగితాలు అందాయట. దేవుడి పటం వెనక పెట్టాడట. ఎవరితోనూ చదివించుకోలేదట.

సెప్టెంబర్ 24, మధ్యాహ్నం 2.00
ఈసారి లెక్క ఈశాన్య మూల నుంచి, చూసేది నేనే. గొడుగు లేదు.
మడి 1: మూడు.
మడి 2: ఐదు.
మడి 3: ఎండకు ఆకు కనబడలేదు. మళ్లీ చూడాలి.