సరాయిలో ఎత్తరుగు

చిరంజీవి అమరేందర్‌కు,

మీ బాపు దీవించి రాసేది. ఇక్కడ అందరం క్షేమమని రాయడం రివాజు కాబట్టి రాస్తున్నాను. మీ అమ్మ విషయంలో, ఎడ్ల విషయంలో అది నిజం కూడా. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా అని అడిగావు. తగ్గలేదు. దవాఖానకు పొమ్మంటే, "నేను పోతే పొయ్యికాడ నువ్వు కూసుంటవా?" అంటున్నది.

నీ ఉత్తరం చదివి కోపం వచ్చింది, ముందే చెబుతున్నాను. ఇంగ్లండు పల్లెల్లో బాటసారులు దిగే వందల ఏండ్ల నాటి సరాయిలు ఉన్నాయనీ, భూస్వామీ దున్నేవాడూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తాగేవారనీ మీ లెక్చరర్ చెప్పాడన్నావు. మనకు అలాంటి చరిత్ర లేకపోయిందే అని బాధపడ్డావు. ఆయన్ని నా తరఫున ఒక్క మాట అడుగు: దున్నేవాడు ఏ తలుపు నుంచి లోపలికి వచ్చేవాడు? భూస్వామికి లోపల వేరే గది ఉండేదా, లేదా? ఉండేదనే నా పందెం. నేను ఇంగ్లండును చూడలేదు గానీ సరాయిని నడిపాను.

మనకూ చరిత్ర ఉన్నది. పట్నం తొవ్వకు కంకర పడకముందు, చౌటుప్పల్ దాటి వచ్చే ఉప్పు బండ్లు మన బావి దగ్గర ఎడ్లను విప్పేవి. మా ముత్తాత అక్కడ గుడిసె వేసి, దిగినవాళ్లకు జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టాడు. ఈదుల వనం దగ్గరే కనుక కల్లుకుండ తనంతట తానే వచ్చి చేరింది. గుడిసె పోయి రాతిగోడలు లేచాయి. అప్పుడు ఇప్పటి దొర తాత నుంచి హుకుం వచ్చింది. ఆయన కాలు నేలకు తగలకుండా గుర్రం దిగాలి, కనుక వాకిట్లో ఎత్తరుగు కట్టాలి. ఆ రాళ్లను వెట్టికి మోసింది మన గొర్లకాపరి గుర్వయ్య వాళ్ల తాత. ఆనాటి నుంచి ఎత్తరుగు మీద దొరలు, పోలీసు అమీన్లు. కింద మట్టిలో మిగతా లోకం. ఇది రాసి మీ లెక్చరర్‌కు చూపించు.

దొరల మీద రైతుల సంఘం లేచి, దొర పట్నం పారిపోయిన ఏడు, గుర్వయ్య గడ్డపార తెచ్చి ఆ అరుగును నేలమట్టం చేశాడు. నేను పక్కన నిలబడి వాదిస్తున్నాను, ముందు భూములు పంచాలి, రాళ్ల పని తర్వాత అని. "నువ్వు మాట్లాడుతనే ఉండు పటేలా, నేను కొడ్తనే ఉంట" అన్నాడు. చిత్రమేమంటే, అరుగు పోయాక కూడా అతను ఆ చోట కూర్చోలేదు. ఎప్పటిలాగే గోడవార గొంగడి పరుచుకుని తింటాడు. ఎందుకయ్యా అంటే, "నడుముకు ఈ గోడ అలవాటైంది" అంటాడు.

నిజాం మీద యుద్ధం అయిపోయినట్టేనా అని అడిగావు. రజాకార్లు పోయారు. మిలిటరీ లారీలకు మనమే జెండాలు పట్టుకుని ఎదురుపోయాం. ఆ లారీల వెనక జీపులో దొర దిగాడు, తల మీద ఖద్దరు టోపీతో. అయిపోయిందో, ఇప్పుడే మొదలైందో చదువుకున్నవాడివి నువ్వే చెప్పు. సంఘంలో తుపాకులు దించుదామనేవాళ్లున్నారు, దించొద్దనేవాళ్లున్నారు. రెండు మాటలూ నాకు సబబుగానే వినిపిస్తున్నాయి. ఇట్లా కావడం నా జన్మలో ఇదే మొదలు.

ఆ దొర మొన్న మిట్టమధ్యాహ్నం సరాయికి వచ్చాడు, వెంట ఒక మిలిటరీ ఆఫీసరు. "జైహింద్ రఘుపతీ" అన్నాడు. ఒకప్పుడు "ఏందిరా" అనేవాడు. ఎక్కడ కూర్చోవాలో ఆయనకు తోచలేదు. అరుగు ఉండాల్సిన చోట నిలబడి నేలకేసి చూశాడు.

"ఏడ కూసోవాలె?"

మీ అమ్మ వంగి విస్తరి వేసింది. "ఇస్తరేసిన కాడ కూసోవాలె దొరా."

కూర్చున్నాడు. తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాక అడిగాడు: "నా అరుగు పలగొట్టింది ఎవడు? పేరు చెప్పు. సాబ్ వాని సంగతి చూస్తడు."

గుర్వయ్య గోడ పక్కనే ఉన్నాడు. రొట్టెముక్క నోటిదాకా వచ్చి ఆగింది. పేరు బయటపడితే మిలిటరీ క్యాంపుకు తీసుకుపోతారు. అట్లా పోయినవాళ్లందరూ తిరిగి రావడం లేదు.

ఇక్కడిదాకా రాసి లేచి, ఎడ్లకు నీళ్లు పెట్టి వచ్చాను. చెప్పక తప్పదు. "నేనే పలగొట్టిన" అన్నాను.

ఎల్లుండి బేస్తవారం నల్లగొండ క్యాంపులో హాజరు కావాలి. రాకుంటే సరాయి ఉండదని దొర చెప్పిపోయాడు. నీకు ఇది అందేసరికి నేను అక్కడ ఉంటాను. టపాలో వేస్తే విప్పి చదువుతున్నారని బస్సు డ్రైవర్ ఎల్లస్వామి చేతికి ఇస్తున్నాను. చదివి కాల్చెయ్. పరీక్షలు వదిలి పరుగెత్తుకు రావద్దు.

జీవితమంతా అబద్ధాలకోరులతో తగాదా పడ్డాను. ఇప్పుడు నేనే ఆడాను. గుర్వయ్యను కాపాడడానికే ఆడానా, ఆ గడ్డపార నా చేతిలో ఉండి ఉంటే బాగుండేదన్న ఆశతో ఆడానా? ఎంత తర్కించినా తేలడం లేదు. మీ అమ్మను అడిగాను. "రెండూ అయితే ఏం పాయె? ఆ ఉల్లిగడ్డలు ఇటియ్యి" అన్నది.

నిన్న గుర్వయ్య వచ్చాడు. నిజం ఒప్పుకుంటానంటాడని, వద్దనడానికి వాదనలన్నీ సిద్ధం చేసి పెట్టుకున్నాను. అతను గోడ దగ్గర ఆగలేదు. గొంగడి మడిచి భుజాన వేసుకుని, నేరుగా అరుగు ఉండిన చోటికి వచ్చి కూర్చున్నాడు. "రొట్టె తే అక్కా" అన్నాడు. తింటూ తింటూ నాతో, "మందను మా ఇంటామె బీరమ్మకు అప్పజెప్పిన. బేస్తవారం నేను గూడ వస్త. మోసినోని మనుమన్ని, పలగొట్టినోన్ని, నేను లేకుంటే ఎట్ల?" అన్నాడు. నేను వాదన మొదలుపెట్టాను. అతను చెయ్యి ఎత్తాడు.

"నువ్వు మాట్లాడుతనే ఉండు పటేలా, నేను తింటనే ఉంట."

అక్కడ ఇద్దరం చెప్పే మాటల్లో ఏది నిలుస్తుందో, ఎవరు తిరిగి వస్తారో తెలియదు. సరాయి మాత్రం మూయనని మీ అమ్మ అంటున్నది. సెలవులకు వచ్చి ఆమెకు సాయంగా ఉండు. ఏడ కూర్చోవాలో తెలియక ఎవరైనా వాకిట్లో నిలబడితే, విస్తరి వేసి చూపించు.

ఇట్లు,
ఇంకా వాదన తెగని నీ బాపు,
రఘుపతి