వల్దారి గారి సన్మాన పత్రం

పటాన్‌చెరు,
4 జనవరి 1974

పూజ్యులు రాజేశం సారుకు త్రినాథరావు నమస్కారాలు.

మీరు నన్నెరగరు. మాది రాజోలు పక్క పల్లెటూరు. ఇక్కడ పంపులు చేసే ఫ్యాక్టరీలో టెంపరరీ గుమాస్తాని. వచ్చే నెల పదకొండున మా కొత్త షెడ్డు ప్రారంభించడానికి ఇటలీ నుంచి ఎర్నెస్తో వల్దారి గారు వస్తున్నారు. సర్కారు ఉద్యోగమూ, రాజకీయమూ రెండూ చేసిన మనిషిట. ఆయనకి తెలుగులో సన్మాన పత్రం చదవాలని మా మేనేజరు గారి పట్టుదల. ఆయనది పూనా, తెలుగు అక్షరం ముక్క రాదు.

సంగారెడ్డిలో బదిలీ అయిన ప్రతి తహశీల్దారుకీ పత్రం రాసింది మీరేనని విన్నాను. ఇది చక్కగా జరిగితే నన్ను పర్మనెంటు చేస్తారు. చెడితే మార్చిలో ఇంటికే. మా ఆవిడ అన్నపూర్ణకి ఏడో నెల. ఇక మీ దయ.

విధేయుడు,
త్రినాథరావు

తా.క.: శాలువా కొన్నాం. ఇటలీలో చలి ఎక్కువని రెండు కొన్నాం.

*

సంగారెడ్డి,
7 జనవరి

చిరంజీవి త్రినాథరావుకు ఆశీస్సులు.

తప్పక రాస్తాను. మోకాళ్ల నొప్పులతో బస్సెక్కలేను కనుక అన్నీ ఉత్తరంలోనే పంపు. ఆయన గోత్రం, తండ్రి చేసిన పని, ఏ నది ఒడ్డున పుట్టాడు, ఏయే ఉద్యోగాలు చేశాడు, వరుసగా కావాలి. సంవత్సరాలు మాత్రం వద్దు. ఇంగ్లీషు సంవత్సరాలు సీసపద్యంలో ఇమడవు. ఒకసారి ఓ తహశీల్దారు గారి పత్రంలో పంతొమ్మిది వందల అరవై రెండు ఒక్కటే నా పద్యాన్ని సగం మింగేసింది.

శుభం కోరే,
రాజేశం

తా.క.: వాళ్లకు గోత్రాలుండవేమో అంటే మా ఇంటావిడ సుశీల, "లేకుంటే పెండ్లిళ్లు ఎట్ల అయితయి? అడుగుతే ఏం పోతది" అంటున్నది. కనుక అడుగు.

*

పటాన్‌చెరు,
15 జనవరి

పూజ్యులు రాజేశం సారుకు,

ఢిల్లీలో ఇటలీ వాళ్ల రాయబార కార్యాలయానికి ఫోను చేసి గోత్రం అడిగాను. అవతల ఆవిడ ఆ మాటకి స్పెల్లింగు చెప్పమంది. లేదని రాసుకోండి. తండ్రి నూనె గానుగ ఆడించేవారట. ఊరి పక్కన చిన్న ఏరుంది. ఉద్యోగాలు వాళ్లు పంపిన కాగితంలో ఉన్న వరుసలోనే దించాను, మీరన్నట్టు సంవత్సరాలు తీసేశాను:

పరిశ్రమల శాఖ ఉపమంత్రి. పార్లమెంటు సభ్యుడు. సొంత ఊరికి మేయరు. జిల్లా కచేరీలో కార్యదర్శి. భూముల రికార్డాఫీసులో నకళ్లు రాసే గుమాస్తా.

మీ నమ్మకస్తుడు,
త్రినాథరావు

*

సంగారెడ్డి,
5 ఫిబ్రవరి

చిరంజీవి త్రినాథరావుకు,

నీ కాగితం చదివాక రెండు రోజులు కలం పట్టుకోలేకపోయాను. ఉపమంత్రిగా వెలిగిన మనిషి ఒక్కొక్క మెట్టే దిగి, చివరికి నకళ్లు రాసుకుంటున్నాడు. అయినా తల వంచలేదు, ఒకరిని నిందించలేదు. అలాంటివాణ్ణి వెతికి పిలిచి శాలువా కప్పుతున్న మీ మేనేజరు గారికి దండం పెట్టాలి. పదవిలో ఉన్నవాళ్లకు అందరూ కప్పుతారు.

నా జన్మలో ఇంత మంచి పత్రం రాయలేదు. ఆలస్యమవుతుందని ఇక్కడి ప్రెస్సులోనే రెండు వందల కాపీలు అచ్చు వేయించి, ఒకటి ఫ్రేము కట్టించి పంపుతున్నాను.

నీ మేలు కోరే,
రాజేశం

తా.క.: "నూనె గానుగాయన కొడుకంటే మనోళ్లే. గింత కష్టమొచ్చెనా పాపం, ఏం తింటున్నడో" అని సుశీల డబ్బా నిండా మురుకులు పెట్టింది. ఆయనకే ఇవ్వు. మేనేజరుకు వద్దు.

*

పటాన్‌చెరు,
8 ఫిబ్రవరి, బస్సు కండక్టరు చేత

రాజేశం సారుకు,

కొంప మునిగింది. వాళ్ల పద్ధతిలో కొత్త ఉద్యోగం పైన, పాతది కింద రాస్తారట. ఆయన గుమాస్తాగా మొదలై ఉపమంత్రి అయ్యారు. ఇప్పటికీ ఉపమంత్రే. మీరు మనిషిని తిరగేశారు. కాపీలు నేను చూసేలోపే వర్కర్లందరికీ పంచేశారు. నేనిక సామాన్లు సర్దుకోవడమే.

త్రినాథరావు

*

సంగారెడ్డి,
9 ఫిబ్రవరి

నాయనా త్రినాథరావూ,

సంవత్సరాలు వద్దన్నది నేనే. తప్పంతా నాదేనని మీ మేనేజరు గారికి రాసిన ఉత్తరం దీంతో జతచేశాను. తెలుగులో ఉంది, నువ్వే చదివి వినిపించాలి. నీ ఉద్యోగానికేమైనా అయితే నాకు నిద్ర పట్టదు.

రాజేశం

*

పటాన్‌చెరు,
12 ఫిబ్రవరి

పూజ్యులు రాజేశం సారుకు,

నిన్న సభ జరిగింది. మేనేజరు గారికి మీ ఉత్తరం చదివే ధైర్యం లేక జేబులోనే ఉంచుకున్నాను. కాపీలు అందరి చేతుల్లో ఉన్నాయి కనుక పత్రం ఉన్నదున్నట్టే తెలుగులో చదివాను. ఇంగ్లీషులో మాత్రం "మీరు గొప్పవారు" అని నాలుగు రకాలుగా చెప్పి కూర్చుందామనుకున్నాను. కాని చదువుతుండగానే షెడ్డులో ఒక్కొక్కరే ఏడుపు మొదలుపెట్టారు. క్యాంటీను బక్కమ్మ లేచి వచ్చి ఆయన చేయి పట్టుకుని, "ఏం రంది పెట్టుకోకు బిడ్డా" అంది. ఎందుకు ఏడుస్తున్నారని ఆయన నన్ను పక్కకి తీసుకెళ్లి అడిగారు. అక్షరం వదలకుండా చెప్పమన్నారు. చెప్పేశాను.

ఆయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. వచ్చే నెల పదవి పోతోందట, పార్టీ మళ్లీ నిలబెట్టదట. పాత రికార్డాఫీసులో చిన్న పనైనా ఇవ్వమని తనే అడిగి పెట్టుకున్నారట. "ఈ సంగతి నా భార్యకు కూడా చెప్పలేదు. మీ పంతులుకెలా తెలిసింది?" అన్నారు. సారూ, నేను రెండో శాలువా కూడా కప్పేశాను.

వెళ్తూ మేనేజరు గారితో నా గురించి ఏదో అన్నారు. సాయంత్రానికి పర్మనెంటు ఆర్డరు చేతికొచ్చింది. అన్నపూర్ణ మీ ఇద్దరికీ నమస్కారాలు చెప్పమంది.

ఆయన మిమ్మల్ని ఒకటి అడగమన్నారు. ఆఖరి పద్యంలో ఆ గుమాస్తా సంతోషంగా ఉన్నాడని రాశారు కదా. అది నిజంగా జరుగుతుందా, మర్యాదకి రాశారా?

మీ రుణం తీర్చుకోలేని,
త్రినాథరావు

*

సంగారెడ్డి,
15 ఫిబ్రవరి

చిరంజీవి త్రినాథరావుకు,

ఆయనకు ఇలా రాయి. మర్యాదకు రాయలేదు. నేను హెడ్మాస్టరుగా మొదలైనవాణ్ణి. ట్రైనింగు లేదని తెలుగు టీచరును చేశారు, తర్వాత చిన్న బడికి పంపారు. రిటైరయ్యాక తమ్ముడి కిరాణా కొట్లో పొట్లాలు కడుతున్నాను. అందుకే నీ కాగితం తిరగబడి ఉందని నాకు తోచలేదు. ఉద్యోగాలన్నీ అలాగే సాగుతాయనుకున్నాను.

కొట్లో చేరిన కొత్తలో దొడ్డిదారిన వెళ్లేవాణ్ణి. ఒకరోజు నా పాత విద్యార్థి పెద్దరాములు మిరపకాయలకొచ్చి, నేను పొట్లం కట్టేదాకా చెప్పులు విడిచి నిలబడ్డాడు. మర్నాటి నుంచి బజారులోంచే వెళ్తున్నాను. సంతోషంగానే ఉన్నాను. ఆయనా ఉంటాడు.

ఆశీస్సులతో,
రాజేశం

తా.క.: ఈ ఉత్తరం చదివి వినిపిస్తే సుశీల అన్నది: "ముందు పెండ్లానికి చెప్పుమను. ఆమెకు ఎర్కనే ఉంటది, ఆయన నోటితోని చెప్తడని సూస్తున్నది గంతే. మీ హెడ్మాస్టరు కుర్సీ పోయిందని నాకు మొదటి దినమే తెల్సు. మీరు చెప్పేదాక నెల రోజులు ఏమెరుగనట్టు హెడ్మాస్టరుకు కట్టినట్టే అన్నం డబ్బా కట్టిన."

ఇరవై ఏళ్లయింది. ఈ సంగతి నాకు ఇవాళే తెలిసింది.