ఓడినవాళ్ల పట్టికలో సంతకం

పై గదిలో తలుపేసుకున్న మహావీరుడు క్రిస్పిన్‌కి, తలుపు కిందనుంచి మీ నానమ్మ తోస్తున్న ఉత్తరం.

వింబుల్డన్ అర్హత పోటీల ఆఖరి ఆటలో ఓడిపోయి, "ఇంక రాకెట్ ముట్టుకోను నానమ్మా, పో" అన్నావు. పోయాను. అసలైన పోటీలోంచి ఎవరైనా తప్పుకుంటే ఓడినవాళ్లలో ఒకరిని పిలుస్తారు; కాకపోతే పొద్దున పదింటిలోపు పట్టికలో సంతకం పెట్టినవాళ్లనే. పోయినేడూ ఇలాగే అలిగి పడుకున్నావు. ర్యాంకులో నీ వెనకవాడు సంతకం పెట్టొచ్చి ఆడుతుంటే మనం టీవీలో చూశాం.

ఇప్పుడే రేడియోలో చెప్పారు, ఎవరో ఆస్ట్రియా కుర్రాడికి నడుం పట్టేసిందట. దేవుడు వాడిని చల్లగా చూడాలి, రేపటినుంచి.

తెల్లచొక్కా ఇస్త్రీ చేశాను. తొమ్మిదిన్నరకి దిగకపోతే నేనే వెళ్లి సంతకం పెడతాను. నాకు డెబ్బై తొమ్మిది, ఒక మోకాలేమో డాక్టరు అమర్చిన కొత్తది. అయినా ఆ పట్టికకి కావలసింది ఫోర్‌హ్యాండ్ కాదు, మంచం దిగడం. అది నాకు వచ్చు.