పద్నాలుగు దారులు, ఒక సైకిల్

1వ తేదీ, సోమవారం. ఉ. 6:10
వచ్చేసింది! సన్నటి టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిల్. ఒంటి చేత్తో ఎత్తేయొచ్చు. ఇక రోజూ ఇరవై కిలోమీటర్లు. ఒట్టు!
మా ఆవిడ గుమ్మంలోనే షరతు పెట్టింది. "నెలాఖరులోగా ఇరవై కిలోమీటర్లు తొక్కారా, సరే. లేదంటే మా తమ్ముడికి ఇచ్చేస్తా."
మా బామ్మర్ది ఇంట్లో ఇప్పటికే నా గిటారు, నా చేపల తొట్టి, నా టెలిస్కోపు ఉన్నాయి. అక్కడికి వెళ్తే తలెత్తుకోలేకపోతున్నాను. ఈ సైకిల్ మాత్రం వాడికి దక్కనివ్వను.

2, మంగళవారం. ఉ. 6:30
మొదటి రైడ్. వీధి చివరిదాకా. గుంతలు మూడు, మూత లేని మ్యాన్‌హోల్ ఒకటి. ఈ టైర్లకి ఈ రోడ్డా? ముందు మంచి దారి వెతకాలి. నేనెవరిని? పంతొమ్మిదేళ్లుగా బస్ డిపోలో టైమ్‌టేబుల్ వేస్తున్నవాణ్ణి!

4, గురువారం. ఉ. 6:00
సర్వే మొదలు. స్కూటర్ మీద. (సైకిల్ మీద వెళ్తే టైర్లు పాడైపోవూ?)
పెద్ద పార్కు: నున్నటి తారు. గేటు మీద బోర్డు, సైకిళ్లు నిషేధం.
కాలవ గట్టు: నీడ బాగుంది. కింద అంతా కంకర.
స్టేడియం వెనక: కుక్కలు, ఆరు. ఒకటి స్కూటర్‌నే వదల్లేదు.
అయినా ఎంత హుషారుగా ఉందో!

9, మంగళవారం
రోజూ సర్వే, అటునుంచి అటే డిపోకి. అయిదు రూట్లు తేలాయి. రంగు పెన్సిళ్లతో చార్టు గీశాను. టీ హాల్టు ఏడు నిమిషాలు! డిపోలో చూపిస్తే పెద్ద డ్రైవరు కళ్లజోడు సర్దుకున్నాడు.
"బ్రహ్మాండం సార్. మరి మీరు వేసిన టైముకి మన బస్సు ఏనాడైనా వచ్చిందా?"
కుళ్లు. చార్టుని ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌కి అంటించాను.

13, శనివారం
వాన.

14, ఆదివారం
వాన లేదు. వచ్చేలా ఉంది.

18, గురువారం
ఈ రోజు తొక్కకపోవడానికి కారణాలు: ఎదురుగాలి. హెల్మెట్ వదులు. బిగించాక, బిగుతు.
రూట్లు పదకొండు అయ్యాయి. సర్వే చేసింది నూట అరవై మూడు కిలోమీటర్లు. తొక్కింది, సుమారుగా, అర కిలోమీటరు.

24, బుధవారం. ఉ. 6:50
దొరికింది! రూటు 14! నిన్న రాత్రే చార్టులో గీసి పెట్టాను: కొత్త కాలనీ వెనక, ఇంకా ఇళ్లు రాని రోడ్డు. గుంత లేదు, కుక్క లేదు. స్కూటర్ ఆపి నోటుబుక్కులో రాసుకుంటున్నాను. వెనక నుంచి ట్రింగ్, ట్రింగ్!
"పక్కకి జరగండి!"
రయ్యిమని ఎవరో దూసుకెళ్లారు. నా హెల్మెట్! నా సైకిల్! మా ఆవిడ!
స్కూటర్‌తో తరిమి పట్టుకునేసరికి కిలోమీటరు దాటింది.
"నువ్వా!"
"మీరు అటు వెళ్లగానే నేను ఇటు వస్తున్నా. ఫ్రిజ్ మీద చార్టు ఉందిగా, ఒక్కోటీ చూస్తున్నా. ఆరోది బాలేదండీ, కొట్టేయండి. ఇదైతే అబ్బా..."
ఆవిడకి ఊపిరాడటం లేదు, అయినా నవ్వు ఆగటం లేదు. మా పెళ్లయ్యాక ఆవిడ అలా నవ్వడం చూడలేదు. కుళ్లుకున్నాను. నేను వెతికిన దారి మీద ఆవిడ వెళ్తుంటే గర్వపడ్డాను కూడా.

30, మంగళవారం. సా. 5:00
బామ్మర్ది దిగాడు.
"బావా, సైకిలేదీ? గిటారు పక్కన జాగా చేశాను."
మా ఆవిడ అడ్డంగా నిలబడింది.
"ఇవ్వనురా."
"మరి షరతో?"
"ఇంట్లో ఒకళ్లం తొక్కుతున్నాంగా. రోజూ ఇరవై రెండు."
గెలిచాం! గంతేశాను. బామ్మర్ది మొహం చిన్నబుచ్చుకున్నాడు.
"మరి నేను వట్టి చేతులతో వెళ్లాలా అక్కా?"
"మీ బావని తీసుకెళ్లు. వాడకుండా అలాగే ఉన్నారు, కొత్తగా."
ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల మాత్రం గట్టిగానే తగిలింది.

1వ తేదీ, బుధవారం. ఉ. 5:40
ఈ రోజు నుంచి ఖాయం! రోజూ ఇరవై! ఆవిడ సైకిల్ నా చేతికిచ్చి స్కూటర్ తాళం లాక్కుంది. వెనకే హారన్ కొడుతూ వస్తుందట. రూటు 14.

ఉ. 7:05
మూడు కిలోమీటర్లు! నిఖార్సుగా మూడు! ఆ దారిలో అంత ఎత్తు ఉందని స్కూటర్ మీద తిరిగినన్నాళ్లూ నాకు తెలియనే లేదు. కాళ్లు నావి కావు. చార్టులో ఎత్తు రాసుకున్నాను. రేపు నాలుగు.