జైలు తలుపు మీద అక్షరం

1955 జూన్, సోమవారం రాత్రి

ఈ రోజు మా ఊరి పాత కోటలో బడి తెరిచారు. రాజుల నాడు అక్కడ గుర్రాలను కట్టేవారట. నిజాం హయాంలో జైలు చేశారు. సర్కారుకు కట్టాల్సిన లెవీ ధాన్యం ఇవ్వలేదని మామయ్యను అందులోనే మూసిపెట్టారు. అందుకే అత్తమ్మ నిన్నటిదాకా "గా జైల్లకు నా మనుమరాలిని తోలనియ్య" అని మొండికేసింది. పొద్దున నా కూతురు సుగుణను తీసుకుని నేను బయలుదేరితే మాత్రం ఎందుకో మా వెంట తనూ వచ్చింది.

మామయ్యను ఉంచిన గదిలోనే ఒకటో తరగతి. తాండూరు నుంచి వచ్చిన పంతులమ్మ ఆ గది తలుపును ఊడదీయించి, నల్లరంగు పూయించి, గోడకు ఆనించి బోర్డు చేసింది. అత్తమ్మ దాన్ని గుర్తుపట్టి నిలబడిపోయింది. ఇంతలో మా సుగుణ సుద్దముక్కతో దానిమీద ఇంత పెద్ద 'అ' రాసింది.

అత్తమ్మ పకపకా నవ్వింది. "ఇగ గీ తలుపేసి ఎవ్వర్ని మూస్తరు? రాయి బిడ్డా, ఇంకోటి రాయి!"

వానలకు ఆ గది పాత పైకప్పు ఆగుతుందో లేదో... అత్తమ్మ మాత్రం ఇంకా నవ్వుతూనే ఉంది.