గిలక్కాయ రాసిన స్టీరింగ్

చిరంజీవి గిలక్కాయకు అక్క ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాలు ఒక్కటే ఇంకా ఆ మాటకు ఒప్పుకోవడం లేదు. వ్యాయామం చేయిస్తున్నావా అని పోయిన ఉత్తరంలో అడిగావు. చేయిస్తున్నాను. "ఆసుపత్రిలో అంతమందిని ఏడిపిస్తున్నావుగా, ఇంట్లోనన్నా నన్ను వదిలెయ్యవే" అంటుంది. అయినా ఇప్పుడు గోడ పట్టుకోకుండానే మెట్లు దిగుతోంది. ఓడ ఇంజను గదిలో నీ అరచేతులు పొక్కాయని చదివి రెండు రోజులు నీ మీద విసుక్కుంది. తొడుగులు వేసుకోరా.

"నా స్టీరింగ్ అటక మీదే ఉందా, ఎవరికైనా ఇచ్చేశావా?" అని కూడా అడిగావు. కంప్యూటర్ ఆటల కోసం నువ్వు కొన్న ఆ స్టీరింగ్ ఇప్పుడు మా ఫిజియోథెరపీ వార్డులో ఉంది. ఎలా వెళ్లిందో చెప్పాలంటే కొంచెం ఓపికగా చదవాలి.

ఐదు నెలల కిందట మా దగ్గరికి ఒక బస్సు డ్రైవర్ వచ్చాడు. యాభై దాటిన మనిషి. కుడి మణికట్టు విరిగి అతుక్కుంది గానీ పట్టు రాలేదు. మా పద్ధతి నీకు తెలుసుగా: రబ్బరు బంతి పిసకమంటాం, చెక్క మేకులు బోర్డు చిల్లుల్లో గుచ్చమంటాం. మూడో రోజు ఆయన బంతిని విసిరికొట్టాడు.

"ఇరవై ఎనిమిదేళ్లు బస్సు నడిపినవాణ్ణి, నాతో బొమ్మలాట ఆడిస్తారేంటమ్మా?"

కోపం కాదది, భయం. రోడ్డు పరీక్ష పాసైతేనే మళ్లీ బస్సు చేతికిస్తారు. ఆ చేతికి స్టీరింగ్ కావాలి, బంతి కాదు అనిపించింది. అటక మీద నీది ఒకటుందని అప్పుడు గుర్తొచ్చింది.

వార్డులో ఉన్న కంప్యూటర్ ముసలిది. దాని పాత సిస్టమ్‌కు కాలం చెల్లింది, కొత్తది అందులో ఎక్కనంది. మా ఆసుపత్రిలో కంప్యూటర్లు బాగుచేసే ఆయన్ను అందరం స్క్రూడ్రైవర్ అంటాం, జేబులో అది లేకుండా ఎవరూ చూడలేదు. "లినక్స్ అని ఉచితంగా దొరికే సిస్టమ్ ఉంది, అది వేసిస్తాను మేడమ్" అన్నాడు. నువ్వు రాత్రింబవళ్లు ఊదరగొట్టిన పేరే!

"దాంట్లో ఆటలు ఆడతాయా?" అన్నాను, ఒకప్పుడు నిన్ను వెక్కిరించినట్టే.

"ఆ మాట ఎప్పటిదో మేడమ్. ఇప్పుడు ఆడనివాటిని వెతుక్కోవాలి." కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మీకు పనికొచ్చే బస్సు నడిపే ఆట ఒకటుంది, దాన్ని వేరే సిస్టమ్ కోసం రాశారు. దాని భాష దీనికి రాదు. మధ్యలో ఒక దుబాసీ ప్రోగ్రాం ఉంటుంది. ఆట ఏదడిగినా అప్పటికప్పుడు దీని భాషలో చెప్పేస్తుంది. తను పరాయి ఇంట్లో ఉన్నానని ఆటకు తెలీనే తెలీదు."

"మరి అసలు ఆడనివి?"

"నలుగురూ నెట్‌లో పోటీపడే ఆటలు కొన్ని ఉన్నాయి. మోసం చేసేవాళ్లను పట్టుకోవడానికి వాటికి కాపలా ప్రోగ్రాం పెడతారు. అది మనల్ని గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. తలుపు తీయాల్సింది ఆట తయారుచేసినవాళ్లే. వాళ్లు తీసేదాకా మనమేం చేయలేం."

బస్సు ఆట నడిచింది. తెర మీద వాన, అద్దం తుడిచే పుల్లలు, స్టాపులో గొడుగులు పట్టుకున్న మనుషులు, అన్నీ ఉన్నాయి. స్టీరింగ్ మాత్రం ప్రాణం లేనట్టు తిరుగుతోంది. మలుపులో బిగుసుకోవాలి, గుంతలో అదరాలి, అది లేకపోతే ఆ మణికట్టుకు పనేముంది? స్క్రూడ్రైవర్ వెతికి వెతికి, ఎవరో ఔత్సాహికులు సొంతంగా రాసి అందరికీ వదిలేసిన ప్రోగ్రాం ఒకటి తెచ్చి ఎక్కించాడు. స్టీరింగ్ గుర్రుమని అదిరింది. డ్రైవర్ ఉలిక్కిపడి చెయ్యి తీసేసి, మళ్లీ మెల్లగా పెట్టాడు.

"బండి స్టార్టయింది" అన్నాడు. ఆయన నవ్వడం అదే మొదటిసారి చూశాను.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఇంకొకటుంది. స్టీరింగ్ ఎంత బలంగా తిప్పికొట్టాలో వందకు ఇంతని మనమే పెట్టుకోవచ్చు. మొదట్లో అది చాలా మెత్తగా ఉంటుంది. అయిదుతో మొదలుపెట్టి వారానికింత పెంచుతూ పోయాను. నేను వాడే ఏ పరికరంలోనూ ఇంత సన్నటి కొలత లేదు. "దీన్ని రాసినవాళ్లలో ఎవరైనా ఫిజియోథెరపిస్టు ఉన్నారా?" అని అడిగాను. "లోపల ఏం రాశారో ఎవరైనా చదువుకోవచ్చు మేడమ్, చూడండి" అని తెర మీద తెరిచాడు.

పేర్ల వరసలో రెండోది, ఇంగ్లీషు అక్షరాల్లో, గిలక్కాయ.

కింద ఒక చోట, మనుషులు చదువుకోవడానికి మాత్రమే వదిలే వాక్యం ఒకటి ఇంగ్లీషులోనే ఉంది. "మొదటి బలం కావాలనే తక్కువ ఉంచాను. పరీక్షించేటప్పుడు మా అక్క మణికట్టు బెణికింది."

గుర్తుందా? ఆ రోజు నీ గదిలో నిన్ను ఎన్ని మాటలన్నానో! నువ్వు తలొంచుకుని విన్నావు. తర్వాత కూర్చుని ఈ వాక్యం రాశావన్నమాట. వార్డులో అందరి ముందూ కళ్లు తుడుచుకున్నాను. డ్రైవర్ కంగారుపడి, "ఏమైందమ్మా, బండి చెడిందా?" అన్నాడు. మా తమ్ముడు రాశాడని చెప్పాను. ఆయన స్టీరింగ్ మీదినుంచి రెండు చేతులూ తీసి దానికి దండం పెట్టాడు.

నాలుగు నెలలు నడిపాడు. స్టాపు రాగానే తలుపులు తెరిచి "దిగేవాళ్లు దిగండి!" అని కేకేసేవాడు. పక్కన నడక నేర్చుకుంటున్న పెద్దావిడ "నా స్టాపు వచ్చాక చెప్పు నాయనా" అనేది. బలం అయిదు నుంచి డెబ్బైకి వచ్చింది. పోయిన నెల పరీక్ష పాసయ్యాడు. మొన్న ఉదయం డ్యూటీకి ఆయన బస్సులోనే వెళ్లాను. ముందు సీట్లో కూర్చుని దారంతా ఆ మణికట్టునే చూశాను. మూలమలుపు దగ్గర అది తడబడలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇంతసేపూ దీనికి ధైర్యం కూడగట్టుకుంటున్నాను.

నాలుగేళ్ల కిందట, నువ్వు ఓడ ఉద్యోగం పరీక్షకు వెళ్లిన రోజు, ఇంటికి ఒక ఫోన్ వచ్చింది. ఆ స్టీరింగ్ ప్రోగ్రాం చూసుకునేవాళ్లలో ఒకావిడ నీ కోసం అడిగింది. "ఆయన పంపింది చాలా బాగుంది. మా ప్రోగ్రాంలో చేర్చుకుంటున్నాం. ఇకమీదట ఈ పని ఆయనే దగ్గరుండి చూసుకుంటారేమో, నోటితో అడగాలనిపించింది" అంది. ఒక్క రూపాయి రాని పనికి నిన్ను మళ్లీ లాక్కుపోతుందని నాకు భయమేసింది. "వాడు ఆ పనులన్నీ మానేశాడు. ఇంకెప్పుడూ ఫోన్ చెయ్యకండి" అని పెట్టేశాను.

నువ్వు రెండు నెలలు ఎదురుచూశావు. "నేను పంపింది వాళ్లకు నచ్చినట్టు లేదక్కా" అన్నావు. నేను బట్టలు మడతపెడుతున్నాను. తలెత్తలేదు. ఆ తర్వాత నువ్వు అటు చూడ్డమే మానేశావు, స్టీరింగ్ అటకెక్కింది.

వాళ్ల అడ్రసు పట్టుకుని పోయిన వారం ఆవిడకు రాసి క్షమాపణ అడిగాను. నన్ను ఒక్క మాట అనలేదు. ఆయనకు ఇష్టం లేదేమోనని ఊరుకున్నామని రాసింది. నువ్వు రాసింది చేర్చిన ప్రోగ్రాం బయటికి రావడానికి ఆ తర్వాత ఏడాది పట్టిందట. ఆ పని ఇప్పుడు నలుగురు పంచుకుని చేస్తున్నారట. ఆవిడ అడ్రసు ఈ కాగితం వెనక రాశాను.

నిన్న అమ్మకూ చెప్పాను. "వాడికి నువ్వే చెప్పు" అని లేచిపోయింది.

మళ్లీ మొదలుపెట్టమని నిన్ను అడిగే హక్కు నాకు లేదు. ఓడ పని నీకిష్టమైతే అదే చేసుకో. కానీ అప్పుడు నువ్వు పంపింది వాళ్లకు నచ్చింది తమ్ముడూ. చాలా నచ్చింది. వాళ్లు అప్పుడే ఫోన్ చేసి చెప్పారు. నేనే నీకు చెప్పలేదు.

ఇట్లు,
నీ తిట్లకు సిద్ధంగా ఉన్న
అక్క