అబ్రఫి స్పెషల్ క్లాసు

హెడ్‌మాస్టర్ అడార్క్వా గారికి, అహ్వియా రోడ్డు పక్కన చెక్కసామాను కొట్టు అమా దుఫీ దండాలు.

మా దగ్గర మీరు కొన్న ముప్ఫై ఒవారే గుంటలాట బల్లలూ బాగున్నాయనుకుంటా. పిక్కలు సరిపోయాయా? అసలు సంగతేంటంటే, మా అబ్రఫి వారం నుంచి గంటన్నర ఆలస్యంగా వస్తోంది. అడిగితే "స్కూల్లోనే ఉన్నానమ్మా" అంటుంది, అంతే. ఏం చేసిందండీ? కొట్టు వదిలి రాలేను. దాని చేతికిస్తే దారిలోనే చదివేస్తుందని ఈ ఉత్తరం ట్రోట్రో వ్యాను డ్రైవరుకిచ్చి పంపుతున్నా.

భయంతో,
అమా దుఫీ

తా.క. శిక్ష వేస్తే ఎందుకో చెప్పండి. నేనూ అదే కారణానికి అరవాలి కదా.

*

అమా దుఫీ గారికి,

కంగారు పడకండి, అమ్మాయి ఏ తప్పూ చేయలేదు. మీ బల్లలు మా బడికి ప్రాణం పోశాయి. పన్నెండు గుంటలు, నలభై ఎనిమిది పిక్కలు, లెక్కలన్నీ వాటిమీదే. సైన్సులో పిక్కలు నీళ్ళలో వేసి ఏది తేలుతుందో చూస్తున్నారు. ఎదుటివాడి గుంటలన్నీ ఖాళీ అయితే మనమే పిక్కలు అందించాలన్న నియమం మీద పౌరశాస్త్రం మూడు రోజులు నడిచింది. అబ్రఫిది సాయంత్రం స్పెషల్ క్లాసు. సైన్సు టీచరమ్మ కూడా పక్కనే ఉంటారు. ఇంతకన్నా వివరాలు అడగొద్దని మనవి.

మీ శ్రేయోభిలాషి,
క్వాకు అడార్క్వా

తా.క. గెలిచిన పిక్కలు వేసుకోడానికి ఆటగాడిది కుడివైపు పెద్ద గుంటా, ఎడమవైపుదా? ఒక పిల్లాడి తండ్రి అడిగారు.

*

మాస్టారూ,

స్పెషల్ క్లాసా! మా తమ్ముణ్ణి ఇలాగే స్పెషల్ క్లాసులో వేశారు, నాలుగో తరగతి రెండుసార్లు చదివాడు. ఒక్క పిల్లకి ఇద్దరు టీచర్లు కావాల్సొచ్చిందంటే ఎంత మొద్దయిపోయిందండీ నా కూతురు! "వెనకబడ్డావా తల్లీ?" అనడిగా. "లేదమ్మా, చాలా ఓపిక పట్టాల్సొస్తోంది" అంది. గుండె తరుక్కుపోయింది. రోజూ చేప తలకాయ పులుసు పెడుతున్నా, బుర్రకి మంచిదని. నిజం చెప్పండి, క్లాసు తగ్గిస్తారా?

నిద్రలేని,
అమా దుఫీ

తా.క. కుడివైపుది. అది కూడా తెలీని తండ్రెవరండీ? ఆయన చేత ఏ కాగితం మీదా సంతకం పెట్టించుకోకండి.

*

అమా దుఫీ గారికి,

క్లాసు తగ్గించం. ఓపిక సంగతి మాత్రం అమ్మాయి నిజమే చెప్పింది. ఎక్కడం కాస్త నెమ్మదిగా ఉంది. కొన్ని బుర్రలు అంతే, ఏం చేస్తాం. వచ్చే గురువారం జిల్లా అధికారి మా బల్లల చదువు చూడ్డానికి వస్తున్నారు. ఆలోగా ఎలాగైనా గట్టెక్కాలి. దయచేసి కాస్త ఆగండి.

తొందరలో,
అడార్క్వా

తా.క. ఆ తండ్రిని అంత మాట అనకండి. వాళ్ళ నాన్న చర్చిలో ఉపదేశకుడు. ఒవారే సోమరిపోతుల ఆట అని ఇంట్లోకే రానివ్వలేదట.

*

మాస్టారూ,

ఇక ఆగను. నెమ్మదిగా ఎక్కుతోందని మీరే రాశారు! వచ్చే శుక్రవారం బడి మాన్పిద్దామనుకున్నా గానీ, ఇంకెందుకు, ఈ సోమవారమే ఒబువాసీలో మా అక్క దగ్గరికి పంపేస్తున్నా. అక్కడ బడి చూశాం. అయినా నాకో అనుమానం. నిన్న కొట్లోనే బల్ల వేసి పరీక్షించా. నన్ను మూడుసార్లు ఓడించింది. బల్లలు చెక్కే అజై కూర్చున్నాడు, ముప్ఫై ఏళ్ళుగా ఆడుతున్నాడు. అతన్నీ ఓడించి "మావయ్యా, మళ్ళీ ఆడతావా, ఏడుస్తావా?" అంది. మొద్దు అలా ఆడుతుందా? లోపం పిల్లలో లేదు, మీ చదువులో ఉంది.

కోపంగా,
అమా దుఫీ

తా.క. ఆట అయ్యాక అడిగింది, "అమ్మా, నలభై దాటితే బుర్రకి ఏదీ ఎక్కదా?" అని. నాకింకా ముప్ఫై తొమ్మిదే!

*

అమ్మా దుఫీ గారూ,

కూర్చుని చదవండి. సోమవారం పంపకండి, మీ కాళ్ళు పట్టుకుంటా.

నాకు ఒవారే రాదు. పెద్ద గుంట అడిగిన తండ్రి ఎవరూ లేరు, నేనే. నలభై మూడేళ్ళవాణ్ణి, ఈ ఊళ్ళో పుట్టినవాణ్ణి. "మీకు ఆట వచ్చా" అని నన్నెవరూ అడగలేదు, మీరూ అడగలేదు. పుస్తకంలో చూసి పాఠాలు తయారుచేశా. టీచరమ్మకీ రాదు. మొదటి వారమే మీ అమ్మాయి మా గుట్టు పట్టేసింది. ఎవరికీ చెప్పకుండా బడయ్యాక మాకు నేర్పుతోంది. ఆ స్పెషల్ క్లాసులో విద్యార్థులం మేమిద్దరం. వచ్చే అధికారి ఎక్కడికెళ్ళినా హెడ్‌మాస్టరుతో ఒక ఆట ఆడి చూస్తారట. నేను దొరికిపోతే ముప్ఫై బల్లలూ బీరువాలోకి, పిల్లల చదువు మళ్ళీ బట్టీలోకి. గురువారం దాకా మా టీచర్ని మాకు ఉంచండి.

సిగ్గుతో,
మీ అమ్మాయి శిష్యుడు
క్వాకు అడార్క్వా

తా.క. నిన్న హోంవర్కు ఇచ్చింది. టీచరమ్మ చేసింది, నేను చేయలేదు. రేపు పెద్దవాళ్ళ సంతకం లేకుండా రావద్దంది. మా అమ్మ మాంపాంగ్‌లో ఉంది. ఈ కాగితం మీద మీరు పెట్టి పంపుతారా?